మచ్చు ఎవరు తీయాలి?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం టీచర్లు, తల్లిదండ్రుల ముందు రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకి వినపడుతోందా? ఈ ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంది. పర్లేదు, 30 ఏళ్లు క్లాసులో అరిచిన గొంతు, ఇంకా అరగలేదు. నన్ను పిలిచినవాళ్లు "పాఠశాలల నిబంధనల సంస్కరణ, పనితీరు మదింపు" అని టాపిక్ రాసిచ్చారు. అది చదవగానే నాకే ఆవలింత వచ్చింది, మీ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని దాన్ని జేబులో పెట్టుకుని మిర్చి యార్డు దగ్గర మొదలుపెడతాను.

గుంటూరు వాళ్లం, యార్డు గురించి మనకి ఒకరు చెప్పేదేముంది. రైతు టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దింపుతాడు. కొనేవాడు వస్తాడు. పైన కనపడే కాయ చూసి ధర చెప్పడు కదా. మధ్యలోకి చెయ్యి పోనిచ్చి, లోపలి నుంచి గుప్పెడు కాయ లాగి, ఒకటి విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు, అంటే తెల్లబారిన పనికిరాని కాయ, ఎంతుందో చూస్తాడు, అప్పుడు నోరు విప్పుతాడు. అదీ మచ్చు. 100 టిక్కీలుంటే 100 గుమ్మరించడు, నాలుగైదు చూస్తాడు, చాలు. ఇంకో సంగతి ఉంది. ఆ మచ్చు రైతు చేత తీయించడు. రైతు దొంగ అని కాదండీ. ఎవడి సరుకు మచ్చు వాడే తీస్తే, చెయ్యి దానంతటదే మంచి కాయ మీదకి పోతుంది. నాదైనా అంతే, మీదైనా అంతే.

బడి దగ్గరికి వచ్చేసరికి మనం ఏం చేస్తున్నాం? ప్రతి టిక్కీ గుమ్మరిస్తున్నాం, ఏడాదికి ఐదారుసార్లు గుమ్మరిస్తున్నాం, మచ్చు మాత్రం రైతు చేతే తీయిస్తున్నాం. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతా సేపు దీన్నే అటూ ఇటూ తిప్పి చూపిస్తాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని వెనకాలే సీసీఈ అన్నారు, నిరంతర సమగ్ర మూల్యాంకనం. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే మాట అంటాను. ఏడాది చివర ఒక్క పరీక్ష పెట్టి పిల్లాడి తలరాత రాయకుండా, ఎప్పటికప్పుడు వాడు ఎక్కడున్నాడో చూసుకోవాలని. మాకు ఎఫ్ఏ అని, ఏడాది మధ్యమధ్యలో మేమే వేసే 50 మార్కులు ఉండేవి: పిల్లల భాగస్వామ్యానికి 10, రాత పనులకి 10, ప్రాజెక్టుకి 10, స్లిప్ టెస్టుకి 20. నాకు రెండు సెక్షన్లు, నూటికి పైగా పిల్లలు. స్లిప్ టెస్టు పెట్టేవాణ్ణి, దిద్దేవాణ్ణి. ప్రాజెక్టు మాత్రం... ఒకసారి గది కొలతలు తీసుకురమ్మన్నాను, 12 మంది తెచ్చారు, అందులో 9 మంది ఒకే గది కొలతలు తెచ్చారు. (నవ్వులు) ఇక ఆ ప్రాజెక్టు అక్కడితో ఆగింది.

ఆగింది కానీ మార్కులు వెయ్యాలిగా. ఎంట్రీకి చివరి రోజు. పగలు సైటు కదలదు, రాత్రి పదింటికి కూర్చున్నాను. 8, 9, 8, 7, 9. బాగా చదివేవాడికి 9, అల్లరి చేసేవాడికి 7. మా ఆవిడ పాలగ్లాసు పెట్టి పక్కన నిలబడి చూసింది. "ఏమండీ, పిల్లలు ఎవరూ ఇక్కడ లేరు కదా, మార్కులు ఎట్లా వేస్తున్నారు?" అంది. నేనేం చెప్పను? "నాకు తెలుసులే" అన్నాను. నిజానికి నాకు కొంత తెలుసు కూడా. కానీ ఆ తెలిసింది వేరు, ఆ పెట్టెలో పడ్డ అంకె వేరు.

తర్వాత ఆ అంకె మండలానికి పోయింది, జిల్లాకి పోయింది, రాష్ట్రానికి పోయింది. తిరిగి నా దగ్గరికి ఏం వచ్చిందో తెలుసా? "మీ మండలంలో ఇన్ని బడులు ఎంట్రీ పెండింగ్, వెంటనే పూర్తి చేయాలి" అని వాట్సాప్ మెసేజి. ఎవడికి భిన్నాలు రావడం లేదో, ఎవడు గుణకారం దగ్గరే ఆగిపోయాడో ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి, నా డైరీలో ఉంది.

ఇది నా ఒక్కడి పాపమే అయితే మీ టైం తీసుకునేవాణ్ణి కాదు. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో ఒక పని చేశారు. అక్కడ సర్కారు బడుల్లో పెట్టే పరీక్షల మార్కులు తీసుకుని, అదే స్థాయి ప్రశ్నలతో బయటివాళ్ల చేత మళ్లీ పరీక్ష పెట్టించి పోల్చి చూశారు. సర్కారు మార్కులు బాగా పొంగి ఉన్నాయి. మన రాష్ట్రంలోనూ చూశారు. కాగితం మీద బడివాళ్లు పెట్టుకున్న పరీక్షలో ఉన్నంత పొంగు, ట్యాబ్ మీద పెట్టిన పరీక్షలో లేదు. పిల్లలు మారలేదు, టీచర్లు మారలేదు, మచ్చు తీసే చెయ్యి మారింది.

ఇంకో చిన్న ఉదాహరణ. కొన్నేళ్ల క్రితం హెడ్మాస్టరు పొద్దున్నే చేసే మొదటి పని మరుగుదొడ్ల ఫొటో తీసి యాప్‌లో పెట్టడం. తర్వాత ఆ గోల తీసేశారు, మంచిదైంది. ఆ ఫొటో ఎప్పుడు తీసేవాళ్లం? కడిగిన వెంటనే. తళతళలాడుతూ ఉండేది. ఇంటర్వెల్ అయ్యాక ఎలా ఉందో ఎవరూ అడగరు. ట్యాంకులో నీళ్లు లేవన్న సంగతి ఫొటోలో పడదు కదండీ. ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నారన్న సంగతి అసలే పడదు.

సరే, పదో తరగతి. మీ అందరికీ టెన్షన్ అక్కడే కదా. ఈ అంకెలు వినండి. మన రాష్ట్రంలో 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. తర్వాత రెండేళ్లు కోవిడ్, పరీక్షల్లేవు, అందరూ పాస్. 2022లో 67.26. 2023లో 72.26. 2024లో 86.69. 2025లో 81.14. ఇవి తీసుకెళ్లి డాక్టరుగారికి చూపిస్తే జ్వరం చార్టు అనుకుంటారు. 2022లో పిల్లలు రెండేళ్లు బడి మొహం సరిగ్గా చూడలేదు, ఆ దెబ్బ నిజం, నేను కాదనను. కానీ మధ్యలో పేపర్ల లెక్క మారింది, ఇంటర్నల్ మార్కులు పోయాయి, ప్రశ్నలు మారాయి. ఇన్ని మారాక, ఒక బడికి పోయిన ఏడు 90 వచ్చి ఈ ఏడు 70 వస్తే ఆ హెడ్మాస్టరు చెడిపోయినట్టా? అలాగే అనుకుని మెమో ఇస్తారు. మళ్లీ పెరిగితే శాలువా కప్పుతారు. ఆయన పాపం రెండేళ్లూ అదే పని చేసి ఉంటాడు.

ఉత్తీర్ణత శాతం అనే అంకె లోపల ఇంకో ఇరకాటం ఉంది. పాస్ మార్కు 35. దసరా సెలవులు అయ్యాక పిల్లల్ని ఏ, బీ, సీ, డీ అని విడదీస్తాం. 28 వచ్చేవాడు మాకు బంగారం. వాణ్ణి కాస్త తోస్తే 35 దాటతాడు, శాతం పెరుగుతుంది. ఉదయం స్టడీ అవర్ వాడికే, సాయంత్రం బిట్లు వాడికే. 8 మార్కుల వాడు ఎంత కష్టపడి 20కి వచ్చినా ఆ అంకెలో వాడికి చోటు లేదు, ఫెయిల్ ఫెయిలే. 65 వచ్చేవాణ్ణి 85కి తీసుకెళ్లినా చోటు లేదు, వాడు ఎలాగూ పాసే. టీచరు చెడ్డవాడు కాదు, అంకె ఎటు చూడమంటే అటు చూస్తున్నాడు. చదువులో మరీ వెనకబడ్డ పిల్లల్ని కొన్నిచోట్ల తొమ్మిదిలోనే "బాబూ, నువ్వు ప్రైవేటుగా కట్టుకో" అని సర్దేస్తారు, అది మీలో కొందరికి తెలుసు, నవ్వుతున్నారు.

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర రిజల్ట్స్ రోజున ఫ్లెక్సీలు చూడండి. ఒకటి, ఒకటి, రెండు, మూడు, ఐదు అని ర్యాంకులు, పక్కన పిల్లల ఫొటోలు. నేను లెక్కల మాస్టారిని కాబట్టి నాకు ఒకటే కనపడుతుంది. లవం ఉంది, హారం లేదు. ఎంతమంది చేరితే ఈ ఐదుగురు వచ్చారు? వచ్చిన ఐదుగురు చేరేటప్పటికే ఎక్కడున్నారు? ఈ రెండూ చెప్పని అంకెకి నా క్లాసులో సున్నా వేసేవాణ్ణి.

ఇది ఈనాటి జబ్బు కూడా కాదు. ఇంగ్లండులో 1862లోనే "ఫలితాన్ని బట్టి గ్రాంటు" అని పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని చదివించి, రాయించి, లెక్క చేయించి, ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. ఏమైంది? పిల్లలు పుస్తకం మొత్తం బట్టీ పట్టేశారు. మాథ్యూ ఆర్నాల్డ్ అని పెద్ద కవి, ఆయన ఉద్యోగం కూడా బడుల తనిఖీయే, ఆయనే ఇది చదువుని చంపేస్తోందని మొత్తుకున్నాడు. 30 ఏళ్లకి పైగా నడిపి 1890ల్లో ఎత్తేశారు. ఈలోగా అదే పద్ధతి మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, రిజల్ట్ గ్రాంట్లు అని. అమెరికావాళ్లు 2002లో చట్టం చేశారు, 2014కల్లా నూటికి నూరుమంది పిల్లలూ ప్రమాణానికి చేరాలి, చేరని బడి మీద చర్య. అట్లాంటాలో ఏం బయటపడింది? పిల్లల జవాబు పత్రాలు టీచర్లే దిద్ది మార్చారు. 44 బడులు, 178 మంది సిబ్బంది పేర్లు 2011 నాటి విచారణ నివేదికలో ఉన్నాయి. కొందరికి శిక్షలు కూడా పడ్డాయి. అక్కడ రైతు చేత మచ్చు తీయించడమే కాదు, సరిగ్గా తీయకపోతే పొలం లాక్కుంటామన్నారు. 2015లో ఆ చట్టాన్నీ మార్చుకున్నారు.

నిబంధనల సంగతికి వస్తాను. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడిలో 60 మంది పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. 61 మంది ఉంటే ముగ్గురు. అంటే 61వ పిల్లాడి మీద ఒక పోస్టు ఆధారపడి ఉంది. వాడు వలస పోయాడో, పక్కనున్న ఇంగ్లిషు మీడియం బడికి పోయాడో, రిజిస్టర్లో మాత్రం వాడు ఉండాలి! పాత రోజుల్లో అలాంటి 61వ పిల్లలు బోలెడుమంది, పెళ్లిళ్లు కూడా అయిపోయి ఉంటాయి, రోలులో ఐదో తరగతే. (నవ్వులు) ఆధార్ వచ్చాక ఆ వేషాలు తగ్గాయి. కానీ రూలు మాత్రం అలాగే ఉంది. ఒక్క తేదీన ఉన్న పిల్లల సంఖ్యతో పోస్టు ఎందుకు తేల్చాలి? మూడేళ్ల సగటు తీసుకుంటే ఏం పోతుంది? 2022లో జీవో 117 అని తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి కలిపారు, 2025లో దాన్ని తీసేసి బడుల్ని మళ్లీ కొత్తగా తొమ్మిది రకాలు చేశారు. ఏ ప్రభుత్వం మంచిది అన్న గొడవలోకి నేను పోను. మూడేళ్లలో రెండుసార్లు బడి స్వరూపమే మారితే ఏ అంకెని దేనితో పోల్చాలి? ఆ ఒక్కటి చెప్పండి చాలు.

రాష్ట్రాలకి కూడా కేంద్రం మార్కులేస్తుంది, పీజీఐ అని, బడుల పనితీరు సూచీ, మొత్తం 1000 పాయింట్లు. మొదట్లో అందులో పిల్లల చదువు ఫలితాలకి 180. పరిపాలన పద్ధతులకి 360. అంటే పిల్లాడు చదవడం కన్నా ఫైలు కదలడానికి రెట్టింపు! తర్వాత సరిచేసుకున్నారు, ఇప్పుడు చదువుకి 240, పరిపాలనకి 130. బాగుంది. కానీ మిగతా వాటిలో చాలా అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? యూడైస్ నుంచి, అంటే బడుల వివరాలన్నీ ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ చిట్టా. యూడైస్ ఎవరు నింపుతారు? బడివాళ్లే. మళ్లీ మొదటికొచ్చాం.

నా వాదనకి అడ్డం వచ్చే సంగతి కూడా చెప్పాలి, దాచిపెడితే నేనూ పై కాయ చూపించినట్టే. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో 2005 నుంచి ప్రయోగాలు చేశారు. కొన్ని బడుల్లో ప్రతి పిల్లాడికి ఏం వచ్చో ఏం రాదో వివరంగా రాసి టీచర్లకి ఇచ్చారు, అప్పుడప్పుడూ వచ్చి చూశారు కూడా. చూడటానికి వచ్చినప్పుడు టీచర్లు బాగానే చెప్పారు, ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. ఇంకొన్ని బడుల్లో పిల్లలు మెరుగైనదాన్ని బట్టి టీచర్లకి బోనస్ ఇచ్చారు. అక్కడ తేడా వచ్చింది. ఇది నాకు మింగుడుపడని సంగతి, ఎందుకంటే కొలత తిరిగి టీచరుకి అందితే చాలని నేను చాలా కాలం అనుకున్నాను. చాలదన్నమాట. కానీ ఆ బోనస్ ప్రయోగంలో రెండు సంగతులు చూడండి. లెక్కగట్టింది 35 దాటినవాళ్లని కాదు, ఏడాది మొదట్లో ఎక్కడున్నాడు, చివరికి ఎక్కడికి వచ్చాడు అన్నది. పరీక్ష పెట్టింది బయటివాళ్లు. బోనస్ పెట్టాలా వద్దా అని మీరు గంట వాదించుకోవచ్చు, నాకైతే ఇంకా గుబులుగానే ఉంది. ఈ రెండూ మాత్రం అందులోంచి తీసుకోవచ్చు.

మరి ఏం చేయాలంటారా? టీచరు క్లాసులో పెట్టే పరీక్ష టీచరుది. దాని మార్కులు ఏ యాప్‌కీ పోకూడదు. పైకి పోదని తెలిస్తే నేను ఆ రాత్రి 8, 9 వేసేవాణ్ణి కాదు, నిజం రాసుకునేవాణ్ణి, దానితో పని చేసేవాణ్ణి. పై అధికారులకి జిల్లా ఎలా ఉందో తెలియాలంటే మచ్చు తీసుకోండి. మూడో తరగతి, ఆరో తరగతి, మండలానికి కొన్ని బడులు, పక్క జిల్లా డైట్‌లో, అంటే టీచరు ట్రైనింగ్ కాలేజీలో, చదివే విద్యార్థుల్ని పంపి ట్యాబ్ మీద పరీక్ష పెట్టండి. ఏ బడి పేరూ పేపర్లో వేయొద్దు, ఎవరి ఇంక్రిమెంటూ దానికి కట్టొద్దు. అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చిన్న పేరా చదివిస్తున్నారు కదా, దేశం దాని గురించి మాట్లాడుకుంటోంది కదా, ఆ పేరా పట్టుకెళ్లేది బడివాళ్లు కాదు కాబట్టే.

మరి మా పిల్లాడి బడి ఎలా ఉందో మాకెలా తెలుస్తుంది అంటారు. న్యాయమే. మచ్చు జిల్లాకి సరిపోతుంది, ఒక్కో బడికి సరిపోదు. దానికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంది, చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. ఇప్పుడు ఆ మీటింగ్‌లో ఏం జరుగుతుంది? సంతకాలు, టీ, గుడ్లు చిన్నవి వస్తున్నాయని గొడవ. గుడ్ల గొడవ కూడా అవసరమే, మానొద్దు. దాంతోపాటు రెండు నెలలకోసారి ప్రతి పిల్లాడి చేతా వాళ్లమ్మ ముందు ఒక పేరా చదివించండి. అమ్మకి చదువు రాకపోయినా, బిడ్డ ఎక్కడ ఆగాడో చెవికి తెలుస్తుంది. దానికి సర్వర్ అక్కర్లేదు.

ఇంకోటి, బడి నడిపేదీ, తనిఖీ చేసేదీ, ప్రైవేటు బడికి గుర్తింపు ఇచ్చేదీ ఒకే శాఖ. ఇవి విడదీయాలని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు. మన రాష్ట్రంలో 2019లోనే పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ అని చట్టం చేసి పెట్టారు. చట్టం ఉంది, దానికి సొంత మనుషులు, సొంత తనిఖీ యంత్రాంగం పూర్తిగా ఇస్తే మచ్చు తీసే చెయ్యి దొరికినట్టే.

ఒక్క పిల్లాడి సంగతి చెప్పి కూర్చుంటాను. మన జిల్లాలోనే ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు, సంక్రాంతి వెళ్లాక కర్నూలు పడమటి వైపు నుంచి మిరప కోతలకి కుటుంబాలు వచ్చాయి. ఒక పిల్లాడు బడి గోడ మీద కూర్చుని చూస్తుండేవాడు. లోపలికి రమ్మన్నాను. ఆరో తరగతి వయసు. అక్షరాలు వచ్చు, ఒత్తు కనపడితే ఆగిపోయేవాడు. లెక్క మాత్రం నోటితో చెప్పేవాడు, అమ్మా నాన్నా ఎన్ని కిలోలు కోశారు, కిలోకి ఎంత, ఈ వారం ఎంత. వాడికి టీసీ లేదు, వాళ్ల ఊరి బడిలో పేరు తీయలేదు, ఆన్‌లైన్‌లో ఒకే పిల్లాడు రెండు చోట్ల ఉండకూడదు. వెనక బెంచీలో కూర్చోబెట్టాను. రెండు నెలల తర్వాత ఒక రోజు జేబులోంచి కాటా చీటీ తీశాడు, మేస్త్రీ రాసిచ్చింది. "మూడు కిలోలు తక్కువ రాశాడు సార్, మా అమ్మకి చూపించా" అన్నాడు.

మార్చి చివర కోతలు అయిపోయాయి, వెళ్లిపోయారు. వాళ్ల ఊరి బడిలో వాడు రెండు నెలలకి పైగా ఆబ్సెంట్, వాడి వల్ల ఆ బడి హాజరు శాతం పడిపోయి ఉంటుంది. మా బడిలో వాడు అసలు లేడు. వెళ్లే ముందు రోజు రెండో తరగతి వాచకంలో ఒక పేరా చదివించాను, రెండు చోట్ల ఆగాడు, పూర్తి చేశాడు. ఏ తేదీన ఏ మాట దగ్గర ఆగాడో అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇదిగో, ఈ సంచిలోనే ఉంది. టీ తాగేటప్పుడు చూస్తానంటే చూపిస్తాను.